పదకొండు నిలువు

"సుకుమార్! మన ఏజెంట్ అర్మాన్ శత్రువులకు దొరికిపోయాడు. సాయంత్రం ఐదింటికి పడవ ఎక్కిస్తారు. ఎక్కిస్తే మనకిక దక్కడు. ఏ రేవులో ఎక్కించాలో ఆ ముఠా తన మనుషులకు ఈ ఆదివారం పత్రిక గళ్ళనుడికట్టులో కబురు పెట్టింది. ఛేదించు!" చీఫ్ ఫోన్ పెట్టేశాడు.

సుకుమార్ చూడని తుపాకీ లేదు. తెలుగు మాత్రం పదో తరగతితోనే సరి. ఇన్సూరెన్స్ ఏజెంట్ వేషంలో విడవలూరు వెళ్ళి, రిటైర్డ్ తెలుగు టీచర్ ఆదిశేషమ్మ వసారాలో కూలబడ్డాడు. గళ్ళు నిండని వాళ్ళందరికీ ఆదివారం ఆ వసారాయే దిక్కు.

"ఓడకు పాతపేరు, రాతకు పనిముట్టు. కలం. మూడు నీళ్ళ సముద్రం. మున్నీరు." ఆమె పెన్సిల్ చకచకా సాగి, రేవు పేరు రావలసిన పదకొండు నిలువు దగ్గర ఆగిపోయింది.

"ఉప్పు తిన్న తల్లి నోరు. ఏందబ్బయ్యా ఇది? దీన్ని కూర్చినోడు నిఘంటువు మింగినట్టుండాడే!"

నిఘంటువులు మూడు తిరగేశారు. నాలుగూ నలభై. మత్తుసూది దాచిన పెన్ను సుకుమార్ చేతిలో ఊరికే చెమటకు తడుస్తోంది. అర్మాన్‌కి కిందటి నెలే కూతురు పుట్టింది. ఆ పసిగుడ్డు గుర్తొచ్చి మళ్ళీ మొదటి నిఘంటువు తెరిచాడు. తను ఇంత చేతకానివాడని అతనికి ఏనాడూ తెలియదు.

నాలుగూ యాభైకి వాకిట్లో కారు ఆగింది. నల్ల కళ్ళద్దాలు, సిల్కు చీర. ఉషారాణి! డిపార్ట్‌మెంట్ కళ్ళుమూసుకుని నమ్మిన ఏజెంట్. చేతిలో అదే పత్రిక.

"టీచరమ్మా, పదకొండు నిలువు మాకు రాలా. రొంత చెప్పండి..."

సుకుమార్‌ని చూసి ఆమె మొహం పాలిపోయింది. "డిక్కీలో వాణ్ణి కాల్చెయ్!" అని కారు వైపు అరిచింది.

డ్రైవర్ డిక్కీ తెరిచి పిస్తోలు లోపలికి గురిపెట్టాడు. సుకుమార్ ఒక్క దూకు దూకి పెన్ను వాడి మెడలో దించాడు. వాడు కుప్పకూలాడు. పారిపోబోయిన ఉషారాణి చెవిని ఆదిశేషమ్మ అలవాటైన చేత్తో మెలేసి పట్టుకుంది.

డిక్కీలో అర్మాన్! సుకుమార్ కట్లు విప్పుతూ బావురుమన్నాడు.

"పొద్దున్నుంచీ తిప్పతానే ఉండారన్నా," అన్నాడు అర్మాన్ రొప్పుతూ. "ఏ రేవో వీళ్ళకీ తెలీలేదంట."

కబురందగానే చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్! ఇంతకీ ఆ కోడ్ ఛేదించిందెవరు?"

"ఎవ్వరూ ఛేదించలేదు సార్. అందుకే అర్మాన్ బతికాడు."