పదిహేడో నంబరింటి పై గది

ఇంగ్లండులో న్యూకాజిల్లో చదువుకునే మనవాళ్ళు ఎవరినడిగినా ఒకటే చెప్పేవాళ్ళు. ఎక్కడైనా దిగు గానీ, మిల్ రోడ్డులో పదిహేడో నంబరింట్లో మాత్రం దిగకు.

ఆ ఇంటి పై గదిలో శ్రీరమ్య అని పొన్నూరు అమ్మాయి ఉండేదంట. చదువు మధ్యలో ఉన్నట్టుండి కనిపించకుండా పోయింది. ఏట్లో దూకిందని కొందరు. కాదు, ఆ గదిలోనే... అని కొందరు. అప్పట్నించీ మూసిన తలుపు వెనకాల రాత్రిళ్ళు ఎవరో నడుస్తారు. రెండేళ్ళలో నలుగురు తెలుగు స్టూడెంట్లు దిగారు. నెల నిండా ఉన్నవాళ్ళు లేరు.

ఇదంతా వినే ఆ ఇంట్లో చేరింది మార్టూరు ఫిజా. రెండువేల నాలుగు, నవంబరు.

చేరక ఏం చేస్తుంది? బ్యాంకుకెళ్తే ఇంటి అడ్రసు చూపించమంటారు. ఇల్లడిగితే బ్యాంకు ఖాతా చూపించమంటారు. ఈ రెండింటి మధ్యా తిరిగీ తిరిగీ చెప్పులరిగాయి. మూడు వారాలు సీనియర్ల వంటింట్లో నేలమీద పడుకుంది. చివరికి వాళ్ళూ మొహాలు మాడ్చుకున్నారు. అటు మార్టూరులో రాళ్ళకి పాలిష్ పట్టే ఫిజా నాన్న మాబు ఫోన్లో తేల్చేశాడు.

"తలదాచుకోను చోటు లేకపోతే వచ్చేయమ్మా. ఆడపిల్లని అంతదూరం తోలావేంట్రా అని ఇప్పటికే అందరూ నన్ను కాల్చుకు తింటన్నారు."

పదిహేడో నంబరు ఓనరు ఏమీ అడగలేదు. తాళంచెవి చేతిలో పెట్టాడు, పై గది జోలికి పోవద్దన్నాడు, వెళ్ళిపోయాడు. ఇదే ఆఖరి ఇల్లు. ఇదీ వదిలితే చదువు లేదు, తిరుగు విమానమే.

మొదటి రాత్రే మొదలైంది.

టక్... టక్... నెత్తిమీద అడుగులు. కిటికీ దాకా వెళ్ళి ఆగాయి. మళ్ళీ తలుపు దాకా వచ్చాయి. తర్వాత ఎవరో ముక్కు ఎగబీల్చినట్టు... సన్నగా ఏడుపు.

వారం ఓర్చుకుంది. భయం కన్నా ఒళ్ళుమంట ఎక్కువైంది ఫిజాకి. పగలంతా ఈ ఊరు పెట్టే తిప్పలు చాలవా, రాత్రి దెయ్యం కూడానా! ఎనిమిదో రాత్రి విసురుగా మెట్లెక్కి తలుపు కొట్టింది.

అడుగులు ఆగిపోయాయి.

తలుపుకి చెవి ఆనించింది. నిశ్శబ్దం... అవతల, సరిగ్గా తన చెవి పక్కనే... ఎవరో ఊపిరి బిగబట్టారు.

మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలీదు.

మర్నాడు కాలింగ్ కార్డు గీకి ఇంటికి ఫోన్ చేసింది. నానమ్మ గుల్జార్ బేగం ఎత్తింది.

"దెయ్యమో, ఉత్త భయమో ముందు తేల్చుకోవే. ఏడు ఎండుమిరపకాయలు, గుప్పెడు రాళ్ళుప్పు తల చుట్టూ తిప్పి నిప్పుల్లో వెయ్యి. ఘాటెక్కి దగ్గావా, ఏమీ లేనట్టే. ఘాటు రాలేదనుకో..."

"రాకపోతే ఏంటి నానమ్మా?"

కార్డు అయిపోయింది.

సాయంత్రం ఐదు కూడా కాలేదు, చిమ్మచీకటి. నవంబరాఖరుకి ఆ ఊళ్ళో పొద్దంటూ ఉండదు. పొగకి కూతపెట్టే అలారం చుట్టూ ప్లాస్టిక్ కవరు కట్టింది. నిప్పులు ఎక్కడ తెస్తుంది? పాత పొగగొట్టం కింద కరెంటు పొయ్యి ఉంటే, దానిమీద పెనం పెట్టింది. నాన్న మూటకట్టి పంపిన మిరపకాయలు ఏడు తీసి, ఉప్పుతో కలిపి తల చుట్టూ తిప్పి, పెనం మీద పడేసింది.

ఉప్పు చిటపటలాడింది. కాయలు ఎర్రబడి, నల్లబడి, బొగ్గయ్యాయి.

ఘాటు లేదు.

ముక్కు దగ్గరగా పెట్టింది. తుమ్ము లేదు, దగ్గు లేదు. మన మిరపకాయలు... ఏడు కాయలు మాడితే వీధి వీధంతా దగ్గాలే! ఫిజా పెనం వదిలేసి గోడ దాకా వెనక్కి జరిగింది.

అప్పుడు... పైన.

ఒక్క దగ్గు.

ఆగి, ఇంకోటి. ఆపైన ఎడతెరిపి లేకుండా... తలుపు ధడాలున తెరుచుకుంది. మెట్లమీద అడుగులు. దిగుతున్నాయి. వస్తున్నాయి. వంటింటి గుమ్మంలో, దుప్పటి కప్పుకుని, జుట్టు విరబోసుకుని, నిప్పుల్లాంటి కళ్ళతో...

"కి... కిటికీ..." అంది దెయ్యం. "కిటికీ తెరువు తల్లీ! పొగంతా గొట్టంలోంచి నా గదిలోకే వస్తంది. చంపుతావా ఏంటి!"

ఫిజా కిటికీ తెరిచింది. ఇంకేం చెయ్యాలో తోచలేదు.

"నువ్వు... శ్రీరమ్యవా? చచ్చిపోలేదా?"

"పరీక్ష తప్పాను. కాలేజీలోంచి తీసేశారు. వీసా కూడా అయిపోయింది." ముక్కు తుడుచుకుంది. "ఇంట్లోవాళ్ళు నేను ఉద్యోగం చేస్తన్నాననుకుంటున్నారు. ఓనరుకి వేరే ఇళ్ళున్నాయి, తెల్లారకముందే వెళ్ళి ఊడ్చి వస్తే గది ఊరికే ఇస్తాడు. మనవాళ్ళెవరన్నా చూస్తే సాయంత్రానికి పొన్నూరులో తెలిసిపోద్ది. అందుకే, దిగినవాళ్ళు భయపడి పోవాలనే రాత్రిళ్ళు నడుస్తాను."

ఫిజాకి అప్పుడొచ్చింది ఘాటు, లోపల్నించి.

"మూడు వారాలు నేలమీద పడుకుని వచ్చానే నేను! ఈ ఇల్లు పోతే మా నాన్న వచ్చేయమంటాడు. నన్నూ తోలేద్దామనుకున్నావా?"

"పోవడానికి చోటున్నవాళ్ళే భయపడి పోతారు," అంది శ్రీరమ్య, నేలచూపులు చూస్తూ. "నువ్వు పోకపోతే తెలిసింది. నీకూ లేదని. ఉండు. నేనున్నానని మాత్రం చెప్పకు."

ఫిజా ఒప్పుకుంది. అలా నిలిచింది ఆ ఇంట్లో.

సంక్రాంతి వెళ్ళాక, మంచు పడుతున్న సాయంత్రం ఎవరో తలుపు కొట్టారు. ఓ పిల్ల. చక్రం ఊడిన పెట్టె, చలికి నీలంగా మారిన పెదాలు.

"అక్కా, ఇక్కడ గది ఖాళీ ఉందన్నారు. నాలుగు చోట్ల అడిగాను. బ్యాంకు ఖాతా లేదని..." పెట్టెని దగ్గరికి లాక్కుంది. "మాది పొన్నూరు."

ఫిజా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

రమ్మందామనే నోరు తెరిచింది.

నెత్తిమీద... టక్... టక్...

ఆ పిల్ల తలెత్తి చూసింది. "పైన... ఎవరక్కా?"

ఫిజా గుమ్మానికి అడ్డు తప్పుకోలేదు. చాలా మెల్లగా అంది.

"పైన ఎవరూ లేరమ్మా."