రాగిపలక లోకంలో సొట్టగిన్నె

పెద్దవాళ్ళు చిన్నపిల్లలకు దణ్ణం పెట్టకూడదంటారు గాని, ఈ కథకు ముందు మా లహరికి ఒక దణ్ణం పెట్టుకోవాలనే ఉంది నాకు. సెలవులకు వచ్చిన నా మనవరాలు టీవీకి వీడియో గేమ్ తగిలించి, పక్కన నన్ను కూర్చోబెట్టుకుంది. అందులో హద్దులేని అడవులు, కోటలు, ఎటు కావాలంటే అటు పోయే దారులు. దారిలో ఎవరైనా ఎదురైతే ఆట ఆగి అడుగుతుంది, చంపుతావా, వదిలేస్తావా అని. అప్పుడు లహరి నా వైపు తిరిగి, "నువ్వు చెప్పు అమ్మమ్మా" అనేది. ఇంత వయసొచ్చాక నన్ను అంత పెద్ద మాట అడిగినవాళ్ళు ఎవరమ్మా?

ఒకసారి మాత్రం అది ఎవరింట్లోనో దూరి, కుండలన్నీ పగలగొట్టి, లోపలున్నవి ఏరుకుంటుంటే ఉండబట్టలేకపోయాను. "ఎవరిల్లే అది? అడక్కుండా దూరావేం?" అన్నాను.

"ఏం కాదు అమ్మమ్మా, ఇక్కడ అందరూ ఇంతే. తప్పనిపిస్తే వెనక్కెళ్ళి మళ్ళీ ఆడుకోవచ్చు" అంది.

ఆ మాటకే నాకు మరిడి కథ గుర్తొచ్చింది. ఇప్పుడు మీ అందరికీ చెబుతాను, దగ్గరికి జరగండి.

తూర్పు కొండల నడుమ వెదుళ్ళవలస అనే రాజ్యం ఉండేది. నీళ్ళకు లోటు లేదు, గింజలకు లోటు లేదు. అలాంటి రాజ్యానికి ఒక ఏడు పెద్ద కష్టం వచ్చింది. కుటిలాక్షుడనే మాంత్రికుడు సంతలో తలుపంత రాగిపలక నిలబెట్టాడు. అద్దంలా తోమిన ఆ పలకలో ఒక లోకం కనబడేది. అడవులు, సెలయేళ్ళు, రెక్కల పాములు, బంగారు కోట. పలక మీద అరచెయ్యి ఆన్చినవాళ్ళు అందులోకి జారిపోయేవారు. పడుచువాళ్ళంతా ఒకరి వెంట ఒకరు వెళ్ళారు. వెతకబోయిన సైనికులు వెళ్ళారు. ఆఖరికి యువరాజు మణిధరుడూ వెళ్ళాడు. తిరిగి వచ్చినవాడు లేడు. పొలాల్లో ముసలివాళ్ళే నాగలి పట్టారు. రాజు మల్లభూపతి సింహాసనం మీద కూర్చోవడం మానేసి, ఆ పలక ముందే కూర్చుండిపోయాడు.

కుమ్మరి పైడయ్య కొడుకు సోములు కూడా అలాగే వెళ్ళాడు. వాడి చెల్లెలే మన మరిడి. కొడుకు పోయిన నాటినుంచి తల్లి పొయ్యి ముట్టించలేదు. పొరుగింటి పోలమ్మే రోజూ ఒక సొట్టగిన్నెతో చోడిపిండి కాచిన అంబలి పంపేది. అంత దిగుల్లోనూ మరిడి తల్లి ఆ గిన్నెను ఏనాడూ ఖాళీగా తిప్పి పంపలేదు. నాలుగు చింతచిగుళ్ళో, గుప్పెడు ఉప్పో, ఏమీ లేకపోతే పెరట్లో పూసిన గోరింట పువ్వో వేసి ఇచ్చేది. ఒకరి గిన్నె ఖాళీగా ఇస్తే రెండిళ్ళకూ మంచిది కాదని ఆ ఊళ్ళో అందరికీ తెలుసు.

ఒకరోజు మరిడి ఆ అంబలి గిన్నెను గుడ్డతో మూటకట్టి, "అన్నకి ఇదంటే ప్రాణం. పట్టుకెళ్ళి ఇచ్చి, ఆడ్ని తీసుకొచ్చేస్తాను" అంది.

"గుంటా, నువ్వు కూడా పోతే నాకు మిగిలేదెవరే?" అంది తల్లి.

"గిన్నె పోలమ్మ పిన్నిదమ్మా. తిరిగివ్వకుండా ఎక్కడికి పోతాను?"

తల్లి దాని తల నిమిరి పంపింది.

పలక దగ్గర కుటిలాక్షుడు మరిడి మెడలో ఎర్రపూసల దండ వేశాడు. "ఇవి వెనుకపూసలు. లోపల నువ్వేం చేసినా అడిగేవాడు లేడు. చేసింది నచ్చకపోతే ఒక పూస నలిపెయ్యి. చివరిసారి ఎక్కడ కునుకు తీశావో అక్కడికి పోతావు. ఆ తర్వాత జరిగిందంతా చెరిగిపోతుంది" అన్నాడు.

"ఊరికే ఇస్తున్నావా బాబూ?"

"ఊరికేనమ్మా" అని నవ్వాడు.

మరిడి చెయ్యి ఆన్చింది. మరుక్షణం గడ్డిలో పడింది. కళ్ళు తిరిగి, అక్కడున్న కానుగచెట్టు కింద కాసేపు కునుకు తీసింది. లేచి చూస్తే, అబ్బ, ఎంత లోకమో. పొలిమేర దాటకే, పొద్దుపోయిందే అనేవాళ్ళు లేరు. ఏ కొండ కనబడితే ఆ కొండ ఎక్కవచ్చు. కాసేపు ఊరికే పరిగెత్తింది. నిజం చెప్పొద్దూ, దానికి చాలా సంతోషమేసింది. ఆ సంతోషం తప్పని నేననను.

వాగు మీద వంతెన దగ్గర ఒక యువకుడు నిలబడి ఉన్నాడు. పట్టుబట్టలు మాసిపోయాయి. "ఈ దారి ఎటు పోతుందో తెలుసా?" అన్నాడు. మరిడి, "తెలీదు బాబూ, మీదే ఊరు?" అంది. "ఈ దారి ఎటు పోతుందో తెలుసా?" అన్నాడు మళ్ళీ. ఎన్నిసార్లు పలకరించినా అదే మాట. మరిడికి భయమేసి వంతెన దాటేసింది.

అవతల ఒక ఊరు. ఇళ్ళ తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. వాకిళ్ళనిండా పగిలిన కుండలు. కుమ్మరి పిల్ల కదా, ఆ పెంకులు తొక్కకుండా పక్కనుంచి నడిచింది. ఒక గడపలో ముసలమ్మ నిలబడి, "దాహమా నాయనా, లోపలికి రా" అంది. మరిడి చెప్పులు విప్పి లోపలికి వెళ్ళింది. ముసలమ్మ ముంతలో మజ్జిగ ఇచ్చింది. తాగి, ముంత కడిగి, తిరిగి ఇవ్వబోయి మరిడి ఆగింది. ఖాళీగా ఎలా ఇవ్వడం? వాకిట్లో రేగుచెట్టు కనబడింది. దోసెడు పళ్ళు ఏరి ముంతలో పోసి ఇచ్చింది.

ముసలమ్మ ముంతలోకి చూసింది. "దాహమా..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. పెదవులు చాలాసేపు కదిలాయి. ఆఖరికి, "ఇందులో... పళ్ళున్నాయి" అంది.

"మీ చెట్టువే అవ్వా. నేనేం తెచ్చానని."

"ఎందరో వచ్చారు. తాగారు. కుండలు పగలగొట్టారు. ఎవరూ ఏదీ వేసి ఇవ్వలేదు" అంది ముసలమ్మ. అని, తన నోట కొత్తమాట వచ్చినందుకు తనే ఆశ్చర్యపోయి, మరిడి చెయ్యి పట్టుకుంది. "పిల్లా, ఆ పూసలు నలపకు. ఒక్కొక్క పూసలో నీ ఇంటి తలపు ఒకటి ఉంటుంది. నలిపితే అది మాంత్రికుడికి పోతుంది. వాడికి సొంత జ్ఞాపకాలు లేవు, మీవి తిని బతుకుతాడు. తలపులన్నీ పోయినవాళ్ళు ఒక్క మాట పట్టుకుని ఎక్కడో ఒకచోట నిలబడిపోతారు. వంతెన దగ్గర చూడలేదూ?"

"మా అన్న సోములు, నుదుట మచ్చ ఉంటుంది. చూశావా అవ్వా?"

"బంగారు కోట దగ్గర ఉన్నాడు. ఒక్క పూస మిగిలింది వాడికి. త్వరగా పో."

కోటకు పోయే దారిలో ఒక కొండ. అక్కడ గొర్రెలకాపరి గంగన్న ఎదురై, "ఆ గుహలో రెక్కల పాముంది. నా మందని పొట్టన పెట్టుకుంటాది. దాన్ని సంపితేనే దారిస్తాను" అని ఈటె చేతికిచ్చాడు. మరిడి గుహలోకి వెళ్ళింది. పాము పడగ ఎత్తలేదు. చుట్టచుట్టుకుని గుడ్ల మీద పడుకుని ఉంది. "నన్ను చంపితే నాతో ఇవీ పోతాయి. నన్ను వదిలితే మంద జోలికి వెళ్ళను" అంది.

మరిడి ఈటె దించింది. వచ్చి గంగన్నతో, "మాటిచ్చింది మావా, ఇంక రాదు" అంది. పొద్దు వాలకముందే పాము వచ్చి, గంగన్న ముద్దుగా పెంచుకున్న పొట్టేలును ఎత్తుకుపోయింది.

గంగన్న నేలమీద కూలబడి ఏడ్చాడు. "నీ మంచితనం సల్లగుండ. నీ పొట్టేలు కాదుగా పోయింది" అన్నాడు.

మరిడి చెయ్యి మెడలోని పూసల మీదికి పోయింది. ఒక్కటి నలిపితే చాలు. పొట్టేలు లేచి వస్తుంది. గంగన్నకు ఈ ఏడుపే గుర్తుండదు. కాని అప్పుడు పామును చంపాలి, గుడ్లు చితకాలి. తను మళ్ళీ కానుగచెట్టు కిందే లేస్తే, ముసలమ్మ కూడా ఆ ఒక్క మాట దగ్గరే నిలబడిపోవాలి. మరిడి పూస వదిలేసింది.

"తప్పు నాది మావా. పాము మాట నమ్మేనే గాని, దాని ఆకలి అడగలేదు. పాలున్నాయా?" అంది.

"పొట్టేలు పోయిందంటే పాలడుగుతావేటే?" అంటూనే గంగన్న కుండెడు పాలు పితికి ఇచ్చాడు. తిట్టే మనిషైనా ఇచ్చే చెయ్యే వాడిది. మరిడి కుండ తీసుకెళ్ళి పాము ముందు పెట్టింది. "మాట తప్పావు. గుడ్లు విడిచి దూరం పోలేక తప్పావని నాకు తెలుసు. రోజూ ఈ కుండ వస్తుంది. బదులుగా తోడేళ్ళు రాకుండా కొండ నువ్వు కాయాలి. ఇంకో మాట, మా వైపు ఎవరూ కుండ ఖాళీగా ఇవ్వరు."

పాము పాలు తాగింది. సిగ్గుపడింది కాబోలు, తల దించుకుంది. తర్వాత తన ఒంటి పొలుసు ఒకటి ఊడదీసి కుండలో వేసింది. "బంగారు కోట తలుపుకు ఇదే తాళంచెవి. దీనికోసమే అందరూ నన్ను చంపాలని వచ్చారు. ఎవరూ అడగలేదు" అంది.

గంగన్న ఆ పొలుసు చూసి ముక్కు తుడుచుకున్నాడు. "పొట్టేలు పొట్టేలే" అన్నాడు. "ఔను మావా" అంది మరిడి. అతను దారి వదిలాడు.

కోట గుమ్మం ముందు సోములు కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. వేళ్ళ మధ్య ఆఖరి పూస తిప్పుతున్నాడు. చెల్లెల్ని చూసి, "నువ్వే మాట చెబుతావు? దారి చెబుతావా, కత్తి అమ్ముతావా?" అన్నాడు.

మరిడి వాడి ముందు కూర్చుంది. "అన్నా, నేను మరిడిని."

"ఆ పేరెప్పుడూ వినలేదు. పక్కకు జరుగు. ఒక్క తప్పు లేకుండా ఈ కోట గెలవాలి. ఇందాక ఒక అడుగు తప్పుపడింది. దీన్ని నలిపి మళ్ళీ మొదలెడతాను."

తాళంచెవి తన చేతిలో ఉందని మరిడి చెప్పలేదు. చెబితే అన్న కోటలోకే పోతాడు గాని ఇంటికి రాడు. లాగి తీసుకెళ్ళేంత బలమూ దానికి లేదు. మరేం చేస్తుంది పాపం? మూట విప్పి, సొట్టగిన్నె వాడి ముందు పెట్టింది. "పొద్దుట్నుంచి ఏటీ తిన్లేదు నువ్వు. ముందిది తాగు. తర్వాత నీ ఇష్టం."

అంబలి పులిసిన వాసన తగలగానే సోములు పూసను పక్కన పెట్టాడు. గిన్నె ఎత్తి గటగటా తాగాడు. మూతి తుడుచుకున్నాడు. గిన్నె తిరిగి ఇవ్వబోయాడు. ఆ చెయ్యి మధ్యలో ఆగింది.

వాడికి ఇల్లు గుర్తులేదు, అమ్మ గుర్తులేదు. కాని చెయ్యి ఏదో వెతుకుతోంది. మొలలో తడిమాడు, ఏమీ లేదు. చుట్టూ చూశాడు, రాతినేల. ఒక గడ్డిపోచ కూడా లేదు. "ఖాళీగా ఎలా ఇచ్చేది?" అని తనలో తాను గొణుక్కున్నాడు. తన దగ్గరున్నది ఒక్కటే. ఆ ఆఖరి పూస తీసి, గిన్నెలో వేసి, రెండు చేతులతో అందించాడు.

టంగుమని చప్పుడైంది.

నలిపిన పూస మాంత్రికుడికి పోతుంది గాని, చేతులారా ఇచ్చిన పూస వాడికెలా పోతుంది? అది ఇంటిమనిషి చేతికే వచ్చింది. దండ కొస పట్టి లాగితే పూసలన్నీ వచ్చినట్టు, ఆ ఒక్కదాని వెంట సోములు తలపులన్నీ వచ్చేశాయి. వాటి వెంట ఆ లోకంలో చిక్కిన అందరివీ వచ్చేశాయి. "మరిడీ," అన్నాడు సోములు, "ఇది పోలమ్మ పిన్ని గిన్నె కదే." అని చెల్లెల్ని పట్టుకుని ఏడ్చాడు. వంతెన దగ్గర యువరాజు, "ఈ దారి మా ఇంటికి పోతుంది" అన్నాడు.

పలక బయట కాపలా కూర్చున్న కుటిలాక్షుడు తిన్న తలపులన్నీ పోయి, గాలి పోయిన తిత్తిలా తేలికైపోయి, తన పలకలోకే జారి పడ్డాడు. తన పేరు కూడా గుర్తులేక ముసలమ్మ ఇంటి వాకిట్లో నిలబడిపోయాడు. ముసలమ్మ వాడిని చూసి, "దాహమా నాయనా, లోపలికి రా" అంది. ఈసారి ఆ మాట ఆమె కావాలనే అంది. వాడు మజ్జిగ తాగి, ముంత ఏం చెయ్యాలో తెలియక అలాగే పట్టుకున్నాడు. "కడుగు ముందు. తర్వాతది నేర్పుతాను" అంది ముసలమ్మ.

ఇంటి దారి గుర్తొచ్చినవాళ్ళంతా పలకలోంచి బయటికి నడిచి ఇల్లు చేరారు. రాజు సగం రాజ్యం ఇస్తానంటే, మరిడి వేరే మాట అడిగింది. "పలకను కరిగించకండి ప్రభూ. లోపలివాళ్ళు మంచోళ్ళు. పిల్లలు వెళ్ళి తిరిగి రానీండి. మెడలో పూసలు వద్దు, చేతిలో ఒక గిన్నె చాలు." రాజు సరేనన్నాడు. యువరాజు పెళ్ళి మాట ఎత్తితే, "మీరు లోపల పగలగొట్టిన కుండలన్నీ చేసిచ్చాక చూద్దాం" అంది. మణిధరుడు పైడయ్య దగ్గర కుమ్మరి సారె తిప్పడం నేర్చుకున్నాడు. మొదట్లో అన్నీ వంకరే. గంగన్నకు ముందుగా ఒక పాలకుండ, ఒక పొట్టేలు పిల్ల పంపారు. పెళ్ళి ఆ తర్వాత సంవత్సరం జరిగింది.

అన్నిటికన్నా ముందు మరిడి చేసిన పని చెప్పలేదు కదూ. ఊళ్ళో అడుగుపెట్టగానే పోలమ్మ ఇంటికి పోయి గిన్నె ఇచ్చింది. పోలమ్మ లోపలికి చూసి, "అంబలికి పూసా? ఇదేటే గుంటా?" అంది.

"దారిలో ఇంకేం దొరకలేదు పిన్నీ."

పోలమ్మ ఆ పూసను తన మేక మెడలో కట్టింది. ఆ మేక ఎంత దూరం మేతకు పోయినా సాయంత్రానికి ఇల్లు మరిచిపోయేది కాదట.

అదర్రా కథ. ఆ రోజు ఇదే కథ చెప్పాక మా లహరి మళ్ళీ ఆటలోకి వెళ్ళి, తను కుండలు పగలగొట్టిన ఆ ఇంటి గుమ్మంలో, తన సంచిలోని రొట్టె ఒకటి కింద పెట్టింది. ఆటలో దానికి ఏ బహుమానమూ రాలేదు. ఎవరూ ఏమీ అనలేదు. అయినా అది పెట్టి, నా వైపు చూసి నవ్వింది. దణ్ణం పెట్టాలనిపించిందంటే పెట్టాలనిపించదూ మరి?

సరే, నా గిన్నెలో ఉన్నదంతా మీకు పోసేశాను. ఖాళీగా తిప్పి ఇవ్వకండి. ఇప్పుడు మీరొక కథ చెప్పండి, వింటాను.