విరగని గడ్డిపరకలు

ఉదయం 11.50. ల్యాబ్‌లో పోయింది బంగారం కాదు, జానెడు టైటానియం కడ్డీ. మెషిన్‌కి బిగిస్తారు, ప్రోబ్ అంటారు. అల్ట్రాసౌండ్‌తో నీళ్లలోని గడ్డిని అది చీల్చి చెండాడితే, ఆ గుజ్జు నుంచి ఇంధనం తీస్తారు. డబ్బిచ్చే కమిటీ ముందు రేపే ఈ మెషిన్‌కి పరీక్ష.

బెంచీ మీద మెకానిక్. చేతులకు బేడీలు. ప్రోబ్ విప్పే స్పానర్ అతని జేబులోనే దొరికింది. వచ్చే నెల రిటైర్మెంట్. ముప్పై ఏళ్ల మంచిపేరు ఒక్క పూటలో మట్టిపాలయ్యేలా ఉంది.

"స్పానర్ రోజూ ఉంటుంది సార్. నేను గదిలోకి వెళ్లేసరికే ప్రోబ్ లేదు. పిల్లల మీద ఒట్టు!"

ఇన్‌స్పెక్టర్ ఆ ల్యాబ్‌లో రీసెర్చి చేసే అమ్మాయి వైపు తిరిగాడు. ఆమె అతని సొంత చెల్లెలు. ఈ కేసు తన నెత్తినే పడాలా అని దారంతా తిట్టుకుంటూనే వచ్చాడు.

"మెషిన్ ఎప్పుడు నడిపావు?"

"10.05 నుంచి 10.35. టీ తాగొచ్చేసరికి ప్రోబ్ మాయం. లాగ్‌బుక్ చూడన్నయ్యా."

"ఏ గడ్డి?"

"ఆ బీకర్లో ఉన్నదే. ఎవరూ ముట్టుకోలేదు."

ఇన్‌స్పెక్టర్ వేలు ముంచాడు. "చల్లగా ఉందే?"

"ఐస్‌లో పెట్టి నడుపుతారు సార్," మెకానిక్ అందుకున్నాడు. "అమ్మాయిగారు అబద్ధం చెప్పరు."

ఇన్‌స్పెక్టర్ ఒక పరక పైకి తీశాడు. బెత్తెడు పొడవు. చివర కత్తెర గాటు ఇంకా పదునుగానే ఉంది.

"అరగంట నడిస్తే గడ్డి ఎలా అవుతుంది?"

"గంజిలా అయిపోతుంది సా..." మెకానిక్ పరకను చూశాడు.

"ఇది నలగనే లేదు. అంటే 10.05కే ప్రోబ్ లేదు. ఎక్కడ పెట్టావమ్మా?"

చెల్లెలు మూలనున్న గడ్డి బస్తాలో చెయ్యి పెట్టి ప్రోబ్ బయటకు తీసింది.

"ఇంధనం ఇచ్చే శక్తి కంటే మెషిన్ తినే కరెంటే ఎక్కువన్నయ్యా. రేపు అది బయటపడితే మూడేళ్ల పని బూడిదే. కొత్త ప్రోబ్ రావడానికి ఆరు నెలలు పడుతుంది. ఆలోగా సరిచేద్దామనుకున్నాను. మెకానిక్ బాబాయ్‌ని అనుమానిస్తారనుకోలేదు."

"బేడీలు వేసినప్పుడు చూశావుగా!"

ఆమె ప్రోబ్‌ను బల్ల మీద పెట్టేసింది.

"వదిలెయ్యండి సార్," మెకానిక్ బతిమాలాడు. "వస్తువు దొరికిందిగా."

"ల్యాబ్ డైరెక్టర్ కంప్లయింట్ ఇచ్చాడు. ఎఫ్ఐఆర్ అయిపోయింది."

ఇన్‌స్పెక్టర్ చెల్లెలి వైపు చూశాడు. ఈ పిల్లకు అక్షరాలు దిద్దించింది తనే. ముందు మెకానిక్‌కి వేసిన బేడీలు విప్పాడు.

గుమ్మంలోంచి కానిస్టేబుల్ అడిగాడు. "సార్, జీపులో ఎవర్ని ఎక్కించమంటారు?"

ఇన్‌స్పెక్టర్ విప్పిన బేడీలను జేబులో వేసుకున్నాడు.

చెల్లెలే ల్యాబ్ కోటు విప్పి, మడతపెట్టి, మెకానిక్ చేతికిచ్చి జీపు వైపు నడిచింది.