రోజుకో గుండీ

"మీరొక్కరే వెళ్తే ఆ టైలరు తాత మన డబ్బా ఇవ్వడు సార్. కిందటిసారి కత్తెర చూపించాడు, మర్చిపోయారా?"

"చూపించాడు, అంతే కదా! కత్తిరించలేదుగా. నేను తెస్తాలెండి. మీరు బ్యాగు సర్దుకోండి."

"నా బ్యాగు పొద్దున్నే సర్దేశాను. పదండి."

మన కుర్రాడికి చెమటలు పట్టాయి. బయట చూస్తే చల్లగా వాన మొదలవుతోంది. వానలో చెమటలు పట్టడం అతనికే చెల్లింది.

బజారంతా అతన్ని 'కాస్తాగు' అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. ఫోన్‌తో డబ్బులు కట్టే చిన్న కంపెనీ ఒకటి పెట్టాడు. ఇంటి మేడ మీద గదే ఆఫీసు. దుకాణాలకి తలా ఒక సౌండ్ బాక్సు ఇచ్చాడు. డబ్బు పడగానే ఆ డబ్బా, "మీ డబ్బు అందింది. ధన్యవాదాలండీ" అని పంచదార చిలకలా పలుకుతుంది. ఆలస్యమైతే, "కాస్త ఆగండి, చూస్తున్నాం" అంటుంది. ఖర్మ కొద్దీ బజారులో రెండో మాటే ఎక్కువ వినపడేది. అలా కంపెనీకి చెడ్డపేరు, ఓనరుకి ముద్దుపేరు ఒకేసారి వచ్చాయి.

ఇక లాభం లేదని తేలిపోయాక, ఎవరి డబ్బు వాళ్ళకి అణా పైసలతో అప్పజెప్పేశాడు. ఇవాళ సాయంత్రం ఆరింటికి సర్వరు ఆగిపోతుంది. డబ్బాలన్నీ వెనక్కి వచ్చాయి, వీధి చివర టైలరు తాతగారిది తప్ప.

ఆ డబ్బాలో గొంతు ఎవరిదనుకున్నారు? హెల్ప్‌లైన్ చూసే, ఇప్పుడు అతని వెంట బయల్దేరిన ఈ అమ్మాయిదే. స్టూడియోకి డబ్బుల్లేక, తన తల్లి దుప్పట్ల బీరువాలో ఆమె తల పెట్టించి రికార్డు చేశాడు. తుమ్ములు ఆపుకుంటూ చెప్పింది పాపం.

ఏడింటి బస్సుకి ఆ అమ్మాయి వేరే ఊళ్ళో కొత్త ఉద్యోగానికి వెళ్ళిపోతోంది. ఆలోపు అతను ఆమెకి ఒక మాట చెప్పాలి. రెండేళ్ళుగా చెబుదామనుకుంటూనే ఉన్నాడు. పేరుకు తగ్గ మనిషి.

మెట్లు దిగుతుంటే వంటింట్లోంచి వాళ్ళమ్మ కేక వేసింది.

"ఒరేయ్! నీ సొరుగు నిండా గుండీలేంట్రా? కంపెనీ మూసేసి కుట్టుపని మొదలెడతావా ఏంటి?"

అతను క్షయ పట్టినవాడిలా దగ్గాడు.

"గుండీలా?" అంది అమ్మాయి.

"అమ్మకి కళ్ళద్దాలు మార్చాలండి. పదండి, పదండి."

ఉన్నది ఒకే గొడుగు. గొడుగులో ముప్పాతిక ఆమెకిచ్చి, పావు తను ఉంచుకుని, ఆ పావులోనూ సగం సిగ్గుకిచ్చేశాడు. దుకాణం చేరేసరికి ఆమె పొడిగా ఉంది, అతను పిండితే బకెట్ నిండేలా ఉన్నాడు.

టైలరు తాతగారు కుట్టుమిషను ఆపి, కళ్ళద్దాల మీంచి చూశాడు.

"ఈ డబ్బా ఇవ్వను. నా దుకాణంలో గౌరవంగా మాట్లాడేది ఇదొక్కటే."

"తాతగారూ, నేనే ఆ గొంతుని," అంది అమ్మాయి. డబ్బా గొంతుతో ఒకసారి పలికి చూపించింది కూడా.

ముసలాయన మొహం మతాబులా వెలిగింది. "నువ్వా తల్లీ! నువ్వడిగితే మిషను కూడా ఇచ్చేస్తాను. తీసుకెళ్ళు. కానీ నా వ్యాపారం మాటేంటి? ఇక ఈ గుండీల బాబు నా గుమ్మం తొక్కుతాడా?"

"తాతగారూ, వాన ఎక్కువైంది, మేం వెళ్తాం," అన్నాడు కాస్తాగు.

"మీరు కాస్త ఆగండి," అంది ఆమె. "ఏ గుండీలు తాతా?"

"రోజూ వస్తాడమ్మా. ఒక్క గుండీ కొంటాడు. డజను ఒకేసారి తీసుకో నాయనా, తగ్గించి ఇస్తానంటే వద్దంటాడు. ఫోన్ నొక్కి, చెవి డబ్బాకి ఆనించి, అది ధన్యవాదాలు చెప్పగానే పెళ్ళికొడుకులా నవ్వుకుని పోతాడు. కుర్రాడికి ఏదైనా జబ్బేమో అనుకున్నాను."

అమ్మాయి అతనివైపు తిరిగింది. అతను గోడమీద వేలాడుతున్న ఎవరిదో లాగూవైపు తిరిగాడు.

"టెస్టింగ్," అన్నాడు.

"రోజూనా? మీరు అన్ని టెస్టులు చేసుంటే కంపెనీ మూసేవాళ్ళమే కాదు!"

గడియారం ఆరుకి దగ్గరపడింది. అతను గబుక్కున ఫోన్ తీసి, "తాతగారూ, ఆఖరి గుండీ," అన్నాడు. నొక్కాడు. డబ్బా గొంతు సవరించుకున్నట్టు కరకరమంది.

"కాస్త ఆగండి, చూస్తు..."

అక్కడితో ఆగిపోయింది. డబ్బా మీది దీపం ఆరిపోయింది. వాన చప్పుడు ఒక్కటే మిగిలింది. అతని మొహం చూసి, తాతగారే కుర్చీ జరిపి కూర్చోమన్నాడు.

అతను కూర్చోలేదు.

"ఆఫీసులో మీరు నన్ను తిట్టని రోజు లేదండి," అన్నాడు డబ్బావైపు చూస్తూనే. "సర్వరు పడుకుందంటారు, నేను పడుకున్నానంటారు. తప్పు నాదేలెండి. కానీ ఇక్కడికొస్తే మీరు నాకు ధన్యవాదాలు చెప్పేవారు. అందుకని... రోజుకో గుండీ."

అప్పుడు ఆమెవైపు తిరిగాడు.

"ఉద్యోగం మానేయమని అడగను. మంచి ఉద్యోగం. మీరంటే నాకు ఇష్టం. నేను ఆ ఊరు రావొచ్చా?"

ఆమె ఊపిరి పీల్చి, అచ్చం డబ్బా గొంతుతో అంది:

"కాస్త ఆగండి, చూస్తున్నాం."

తాతగారు నెత్తి కొట్టుకున్నాడు. "దీనిక్కూడా ఇదే రోగమా తల్లీ!"

"ఎంతసేపు చూస్తారండీ?" అన్నాడు కాస్తాగు దీనంగా.

"బజారంతా మిమ్మల్ని ఇదే అడిగింది సార్. మీరేమని చెప్పమన్నారు నాకు?"

"తొందరపడొద్దని..."

"మరి పడకండి." ఆమె డబ్బాని చున్నీలో చుట్టుకుంది, గొడుగు లాక్కుంది. మేడ మీద ఆఫీసుకెళ్ళి బ్యాగు తీసుకుని బస్టాండుకి వెళ్ళిపోయింది.

తాతగారు అతని చేతిలో ఆ ఆఖరి గుండీ పెట్టాడు. "డబ్బా పలకలేదుగా, డబ్బులొద్దులే. ఉంచుకో."

వాన తగ్గినా అతను దుకాణం అరుగుమీదే కూర్చున్నాడు. ఏడు దాటింది. బస్సు కదిలే ఉంటుంది. పైకి లేవబోతుంటే ఫోన్ మోగింది. ఎత్తాడు. బస్సు హారన్ల మధ్య, పంచదార చిలక పలికింది.

"మీరు పంపింది అందింది. ధన్యవాదాలండీ."

అతను ఫోన్ చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాడు. తాతగారు మిషను ఆపి, చెవి రిక్కించాడు.

"విన్నారా సార్, మళ్ళీ పడుకున్నారా?" ఈసారి ఆఫీసు గొంతు. "వచ్చే ఆదివారం మా అమ్మ నన్ను చూడ్డానికి ఆ కొత్త ఊరికే వస్తోంది. మీరూ రండి. మీ అమ్మగారికి మెట్ల దగ్గరే చెప్పొచ్చాను. గుండీలన్నీ నాకోసమేనని తెలిసి, ఆవిడ నవ్వాపుకోలేకపోయారు."

"వస్తానండి! తప్పకుండా వస్తానండి!"

"వచ్చేముందు మీ చొక్కాకి రెండో గుండీ కుట్టించుకోండి. సొరుగు నిండా గుండీలు పెట్టుకుని, పొద్దుటినుంచి అలాగే తిరుగుతున్నారు."

అతను కిందకి చూసుకున్నాడు. నిజమే.

తాతగారు అప్పటికే సూదిలో దారం ఎక్కిస్తున్నాడు.