మూడో పెట్టెలో చుక్కలు

మంగళవారం ఉదయం పదకొండు ఇరవైకి పరిశోధన సంస్థ మూడో అంతస్తు మెట్ల మీద ఒక మనిషి చనిపోయాడు. జారిపడ్డాడని అందరూ అన్నారు. పడేముందు అతని వీపు మీద ఒక చెయ్యి పడిందన్న సంగతి ఆ చెయ్యి గలవాడికి తెలుసు. ఏజెంట్ నైన్ ఊహించాడు.

చనిపోయినవాడు మైక్రోస్కోప్ గదిలో టెక్నీషియన్. అతని అక్క కూడా అక్కడే పనిచేస్తుంది కాబట్టి సంస్థలో అందరూ ఆమెను అక్క అని, అతన్ని తమ్ముడు అని పిలిచేవారు. వాచ్‌మన్ దగ్గర్నుంచి డైరెక్టరు దాకా అందరికీ అతను తమ్ముడే.

ఆ ఉదయం తొమ్మిదింటికి అతను నైన్‌కి ఫోన్ చేశాడు. ముందుగా అనుకున్న కోడ్ రెండు ముక్కలే. ఆకాశం నిర్మలంగా ఉందంటే అంతా శుభ్రం, చుక్కలు కనిపిస్తే కల్తీ.

"సార్, చుక్కలు కనిపిస్తున్నాయి" అన్నాడు తమ్ముడు.

"ఎన్నో పెట్టె?"

"ఫోన్లో వద్దు సార్. ఇక్కడ మనుషులున్నారు."

"సరే. మధ్యాహ్నం కలుద్దాం. నీకేమీ కాదు."

ఆ చివరి రెండు మాటలు చెప్పమని నైన్‌కి ఎవరూ ఆదేశించలేదు. అతనే చెప్పాడు.

* * *

"కూర్చో" అన్నాడు చీఫ్.

శుక్రవారం ఉదయం ఎనిమిది. టేబుల్ మీద మూడు ఫోటోలు, ఒక ఫైలు. చీఫ్ బ్రీఫింగ్ ఎప్పుడూ టెలిగ్రాంలా ఉంటుంది.

"విదేశీ ముఠా. పేరు శిశిరం. మన పసిపిల్లల టీకా ఏ కణాల మీద పెరుగుతుందో ఆ విత్తన కణాలు మూడు పెట్టెల్లో ఉన్నాయి. వాటిలో ఒక పెట్టెలో సూక్ష్మజీవిని కలిపారు. మామూలు మైక్రోస్కోప్‌కి అందదు. ఫ్యాక్టరీకి చేరితే మొత్తం పాడవుతుంది. ఈ ఏడాది టీకా ఉండదు."

"మూడూ ఆపేస్తే?"

"అప్పుడూ ఉండదు. వాళ్ళకి అదీ లాభమే. చెడ్డదాన్ని పట్టుకుని మిగతా రెండూ నాలుగింటి విమానానికి ఎక్కించాలి. తమ్ముడి స్లైడ్లు సొరుగులోంచి మాయమయ్యాయి."

చీఫ్ ఒక ఫోటో ముందుకు తోశాడు. ఎర్ర స్కార్ఫ్, పొడుగు మెడ, కెమెరాని లెక్కచెయ్యని నవ్వు.

"రాణి. మైక్రోస్కోప్ కెమెరాల నిపుణురాలు. మూడేళ్ళుగా శిశిరంలో మన మనిషి. పరీక్ష ఆవిడే చేస్తుంది. నువ్వు టీకా ఫ్యాక్టరీ క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా వెళ్ళి పక్కన నిలబడు."

"ఈవిడని సోమవారం అక్కడ వరండాలో చూశాను."

"చూసే ఉంటావు. కెమెరా బిగించడానికి వెళ్ళింది."

కింద గాడ్జెట్ల గదిలో ముసలి మెకానిక్ నైన్‌కి నెరిసిన మీసం అంటించి, కోటుకి ఒక గుండీ కుట్టాడు. గుండీలో రికార్డర్.

"మొన్నటి కళ్ళజోడు తిరిగివ్వలేదు" అన్నాడు మెకానిక్.

"కాలవలో పడిపోయింది."

"మీరు బాగానే ఉంటారు. పాపం, మీతో వచ్చినవే తిరిగి రావు."

మెకానిక్ అన్నది వస్తువుల గురించే. నైన్ మాత్రం మీసం సర్దుకుంటున్నట్టు మొహం అద్దం వైపు తిప్పుకున్నాడు.

* * *

మైక్రోస్కోప్ గదికి కిటికీల్లేవు. బల్ల మీద అల్యూమినియం రేకు చుట్టిన చిన్న గొట్టాలు వరసగా ఉన్నాయి. నలభై దాటిన ఒకావిడ తెల్లకోటులో, తల ఎత్తకుండా, గాజు పలకలు తుడుస్తోంది. ఆవిడే అక్క. తమ్ముడు పోయి మూడు రోజులే. సోమవారం ఆవిడ సెలవులో ఉంది కాబట్టి నైన్‌ని ఎప్పుడూ చూడలేదు.

"ఇన్‌స్పెక్టర్ గారా? ముందు చేతులకి గ్లవ్స్ వేసుకోండి."

"ఇవేమిటి మేడం?"

"రంగులు. వెలుతురు తగిలితే చచ్చిపోతాయి, అందుకే రేకు. ఈ ఎర్రది బతికున్న కణంలోకి పోదు. గోడ పాడైన దాంట్లోకే పోతుంది. చచ్చినవి ఎన్నో లెక్కపెట్టడానికి పనికొస్తుంది. ఈ నీలంది డాపి. డీఎన్ఏని పట్టుకుంటేనే గట్టిగా వెలుగుతుంది. మంచి కణంలో నడుమ గుండ్రంగా న్యూక్లియస్ మెరవాలి, చుట్టూ చీకటి ఉండాలి. చుట్టూ పిండి చల్లినట్టు చుక్కలు మెరిస్తే, ఆ డీఎన్ఏ మన కణానిది కాదు."

"అంటే పరాయి ప్రాణి."

"పరవాలేదే, చదువుకునే వచ్చారు" అంది ఆవిడ. నవ్వలేదు.

పక్క గదిలో రాణి పరీక్ష చేస్తోంది. చూసొద్దామని నైన్ తలుపు పిడి మీద చెయ్యి వేశాడు.

"ఆగండి! గ్లవ్ చేత్తోనా?"

నైన్ ఆగిపోయాడు.

"ఇవి డీఎన్ఏకి అతుక్కునే రంగులండీ బాబూ. మనకీ ఉంది డీఎన్ఏ. గ్లవ్ చేత్తో పిడి పట్టుకుంటే తర్వాత వచ్చినవాళ్ళ చేతికి అంటుతుంది. ఇక్కడ తలుపు తియ్యాలంటే ఒక గ్లవ్ విప్పి ఉత్త చేత్తో తీస్తాం. మొదటి రోజు నేర్పేది అదే. ఈ గదుల్లో పనిచేసినవాడు నిద్రలో కూడా మర్చిపోడు."

నైన్‌కి సోమవారం గుర్తొచ్చింది. ఆ రోజు అతను మరో ల్యాబ్ నుంచి వచ్చిన సీనియర్ టెక్నీషియన్ వేషంలో, తమ్ముడి వెంట ఈ వరండా అంతా తిరిగాడు. మొదటి తలుపు తనే తీశాడు, రెండు చేతులకీ గ్లవ్స్‌తో. తరవాతి నాలుగు తలుపులూ తమ్ముడు పరుగున ముందుకెళ్ళి తీశాడు. మర్యాదస్థుడు అనుకున్నాడు నైన్. వరండా చివర ఎర్ర స్కార్ఫ్ కట్టుకున్న ఒకావిడ తన చేతుల వైపే చూసి నవ్వింది. తన అందం చూసి నవ్విందని కూడా అనుకున్నాడు.

"ఏమైంది? అలా పాలిపోయారు?"

"ఏమీ లేదు" అన్నాడు నైన్. ఒక గ్లవ్ విప్పాడు.

* * *

ఒంటిగంటన్నరకి రాణి రిపోర్టు తెచ్చింది. మూడు పెట్టెలూ శుభ్రం. తెర మీద చిత్రాలు వేసింది. కాటుక లాంటి నలుపులో నీలం గుండ్రాలు.

"చూడండి ఇన్‌స్పెక్టర్ గారూ. అందంగా లేవూ?"

"చాలా" అన్నాడు నైన్.

అక్క తెరకి దగ్గరగా వెళ్ళింది. "స్లైడ్లేవీ?"

"పారేశానండీ. పని అయిపోయిందిగా."

"అప్పుడే?"

"మీరు ఇంటికెళ్ళి కాస్త పడుకోండక్కా. మీ పరిస్థితి నాకు తెలుసు" అంది రాణి. పెట్టెలతో ఎయిర్‌ఫీల్డ్‌కి తనే వెళ్తున్నానని చెప్పి, మెత్తగా అక్క భుజం తట్టి వెళ్ళిపోయింది.

తలుపు మూసుకోగానే అక్క అంది: "ఇంత నలుపు ఉండదు."

"అంటే?"

"నిజం ఫోటోలో చీకటి కూడా కొంచెం గరగరగా ఉంటుంది. ఇది తారు పోసినట్టుంది. కెమెరాలో నలుపు పెంచేశారు. పెద్దవి పైకి తేలాయి. చిన్న చుక్కలుంటే మునిగిపోయుంటాయి."

"మళ్ళీ పరీక్ష చెయ్యగలరా?"

అక్క కణాలు పెంచే ఇంక్యుబేటర్ తెరిచి, కింది అర వెనకనుంచి ఒక ప్లాస్టిక్ పళ్ళెం లాగింది. మూత మీద 'స్టూడెంట్ ప్రాక్టీస్' అని రాసి ఉంది. లోపల మూడు గాజు పలకలు, పక్కన ఒకటి, రెండు, మూడు గీతలు.

"స్టూడెంట్ ప్రాక్టీస్ అంటే ఈ సంస్థలో ఎవరూ ముట్టుకోరు, మూత తీస్తే ఏ వాసనొస్తుందోనని. వాడి చేతిరాత ఇది. మూడు పెట్టెల కణాలూ విడిగా పెంచుతున్నాడు. నాకు నిన్ననే కనిపించింది." ఆవిడ పళ్ళెం బల్ల మీద పెట్టింది. "గడియారం చూడండి. పావుగంట."

కణాలు ఎక్కడివక్కడ గట్టిపడేందుకు ద్రావకం పోసింది. కడిగింది. రేకు విప్పి రంగు చుక్కలు వేసి, వెలుతురు తగలకుండా పళ్ళేన్ని సొరుగులో పెట్టి మూసింది. మరో పావుగంట ఆగాలి. ఇద్దరూ సొరుగుకి అటూ ఇటూ స్టూళ్ళ మీద కూర్చున్నారు.

"పోయిన వారమంతా వాడు భలే హుషారుగా ఉన్నాడండీ" అంది అక్క ఉన్నట్టుండి. "ఎవరో పెద్దాయన తన మాట నమ్మాడట. ఎవర్రా అంటే చెప్పడు. మంగళవారం పొద్దున కూడా జాగ్రత్తరా అన్నాను. 'నాకేం కాదక్కా, ఆయన మాటిచ్చాడు' అన్నాడు."

ఎన్నో విచారణల్లో పెదవి విప్పని నైన్, ఇప్పుడు విప్పుదామనుకున్నాడు.

"మేడం, ఆ పెద్దాయన..."

గడియారం మోగింది. అక్క లేచింది.

ఒక గీత పలక: నీలం గుండ్రాలు, చుట్టూ గరగర చీకటి. రెండు గీతలదీ అంతే. మూడోది పెట్టి, ఫోకస్ తిప్పి, ఆవిడ పక్కకి జరిగింది.

"చూడండి."

ప్రతి న్యూక్లియస్ చుట్టూ సన్నటి పొడి. వందల చుక్కలు.

"వాడు చూసింది ఇదే" అంది అక్క.

టైము రెండూ యాభై. నైన్ చీఫ్‌కి ఫోన్ చేశాడు. "మూడో పెట్టె. రాణి మన మనిషి కాదు. గార్డులకి చెప్పండి."

"గార్డులు ఆవిడ చేతి కిందే ఉన్నారు. ఆర్డర్ మీద సంతకం నాదే" అన్నాడు చీఫ్. "నేను బయల్దేరుతున్నా. నువ్వే దగ్గర. పరిగెత్తు."

* * *

మూడూ యాభై రెండుకి నైన్ కార్గో షెడ్‌లోకి అడుగుపెట్టాడు. మొదటి రెండు పెట్టెలు అప్పటికే విమానంలో ఉన్నాయి. మూడోది ఎక్కించడానికి సిద్ధంగా బండి మీద ఉంది. గార్డులెవరూ లోపల లేరు. పక్కన కణాలని చల్లగా ఉంచే ద్రవ నైట్రోజన్ డబ్బా, దాని పక్కన రాణి. చేతిలో చిన్న పిస్తోలు.

"వస్తారనుకున్నాను. మీసం బాలేదు" అంది. "ఎనిమిది నిమిషాలు కబుర్లు చెప్పుకుందాం."

"వాడిని ఎందుకు చంపారు? వాడొట్టి టెక్నీషియన్."

"మాకు తెలీనే తెలీదు వాడి సంగతి. మీరే చూపించారు. సోమవారం రెండు చేతులకీ గ్లవ్స్‌తో తలుపు తీశారు చూశారా? ల్యాబ్ మనిషి కాదని అర్థమైపోయింది. ఆ పక్కన నడిచేది ఎవరా అని చూశాం. అంతే. మా పని మీరు తేలిక చేశారు, థాంక్స్."

నైన్‌కి ఇది కొత్త విషయం కాదు. పొద్దుటినుంచీ తెలుసు. అయినా ఇంకొకరి నోట వినేసరికి ఒక్క క్షణం పిస్తోలు సంగతి మర్చిపోయాడు. మోకాలు తగిలి నైట్రోజన్ డబ్బా ఒరిగింది. తగిలిందో తన్నాడో తరవాత రిపోర్టులో కూడా అతను తేల్చి రాయలేదు. మూత ఎగిరిపోయింది. తెల్లటి పొగ నేలంతా పొర్లి నడుము దాకా లేచింది. రాణి పేల్చిన గుండు రేకు గోడలో దిగింది. పొగలో నైన్ ముందు బండి కోసం వెతికాడు. రాణి కోసం వెతికింది ఆ తరవాతే.

మూడూ యాభై తొమ్మిదికి విమానం తలుపు రెండు పెట్టెలతో మూసుకుంది. అప్పటికి రాణి పట్టుబడింది.

* * *

సాయంత్రం చీఫ్ రికార్డింగ్ రెండుసార్లు విన్నాడు.

"కోర్టుకి ఇది చాలు. నడుమ గ్లవ్ గొడవ ఓ ఇరవై సెకన్లుంది. తీసేద్దాం. కేసుకి అక్కర్లేదు."

"ఉంచండి."

"నా తప్పు నీ తప్పుకంటే పెద్దది. మూడేళ్ళు ఆవిడని నమ్మాను. నేనేమైనా ఊరంతా చాటుతున్నానా?"

"ఒక కాపీ నాకివ్వండి" అన్నాడు నైన్.

శనివారం పొద్దున్న అతను మీసం లేకుండా మైక్రోస్కోప్ గదికి వెళ్ళాడు. తనెవరో, సోమవారం ఏ తలుపు ఎవరు తీశారో చెప్పి ఆ ఇరవై సెకన్లూ వినిపించాడు. అక్క చేతిలో ఉన్న పలకని బల్ల మీద పెట్టింది, చప్పుడు కాకుండా.

"వాడు నాలుగు తలుపులు తీశాడన్నారే. మీ తప్పు కప్పిపుచ్చడానికన్నమాట."

"అవును."

"మీకు చెప్పొచ్చుగా, గ్లవ్ విప్పండి సార్ అని. చెప్పడు. పెద్దవాళ్ళని చిన్నబుచ్చడం వాడి వల్ల కాదు." ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు. గ్లవ్స్ ఉన్నాయి. "నన్ను క్షమించమని అడక్కండి. నా దగ్గర లేదది."

"అడగను."

"అయితే ఒక పని చెయ్యండి. మా అమ్మ ఇంకా వాడు జారిపడ్డాడనే అనుకుంటోంది. మెట్లు తడిగా వదిలేసిందని తుడిచే ఆవిడని మూడు పూటలా తిడుతోంది. ఆవిడని పన్లోంచి కూడా తీసేశారు. వెళ్ళి నిజం చెప్పండి. నాకు నోరు రాదు."

"నేను నా పేరు కూడా ఎవరికీ..."

"మా తమ్ముడు తన పేరు దాచుకోకుండా మీకిచ్చాడుగా."

నైన్ వెళ్ళాడు. నాలుగో అంతస్తు. మెట్లు ఒక్కొక్కటే ఎక్కాడు. బెల్లు కొట్టాడు. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. నెరిసిన జుట్టు, చేతిలో చీపురు.

"ఎవరు నాయనా?"

అతను ఇరవై రెండేళ్ళుగా వాడని తన పేరు చెప్పాడు. మెల్లగా చెప్పాడు.

"ఆఁ?"

మళ్ళీ చెప్పాడు.

"చెవుడు నాయనా నాకు. నోరు తెరిచి చెప్పు!"

ఏజెంట్ నైన్ ఊపిరి పీల్చుకుని, మెట్లన్నీ మారుమోగేలా తన అసలు పేరు అరిచాడు. కింద రెండు తలుపులు, పైన ఒకటి తెరుచుకున్నాయి. రెయిలింగ్ మీదనుంచి ఎవరో తొంగిచూశారు. శిశిరం ముఠా ఇన్నేళ్ళూ రాబట్టలేకపోయిన రహస్యం ఇప్పుడు మూడు అంతస్తులకి తెలిసింది. ఆవిడకే ఇంకా వినపడలేదు.