ఏన్కూరు సంత దాకా పోయొచ్చిన మాట

"ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది..." అంటూ శ్యామల ఆగిపోయింది. లెక్క తప్పింది. తప్పదా మరి! చేతులు తునికాకుల మీద ఉన్నాయి గానీ, నోరు మాత్రం ఊరంతా తిరిగొస్తోంది.

ఎండాకాలం సెలవులు. అడవి అంచున ఉన్న ఆ గూడెంలో పిల్లా పెద్దా అందరికీ తునికాకు పనే. తెల్లారకముందే అడవికి పోయి ఆకు తెంపుకొస్తారు. మధ్యాహ్నం పందిరి కింద కూర్చుని, యాభై ఆకులకో కట్ట చొప్పున నారతో కడతారు. సాయంత్రం ఆ కట్టల్ని కళ్లానికి మోసుకుపోతారు. బీడీల కోసం ఆకు కొనే చోటు అది.

శ్యామల జూన్‌లో ఆరో తరగతికి వెళ్తుంది. దాని నోట్లో నువ్వు గింజ నానదని వాళ్లమ్మ ముత్తక్క రోజుకు పదిసార్లు అంటుంది. పక్కనే కూర్చుని ఆకులు సర్దుతున్నది దాని నేస్తం. ఆ పిల్ల పేరు చిన్నక్క. పేరుకే అక్క, శ్యామల కన్నా ఆర్నెల్లు చిన్నది.

"నిన్న నర్సమ్మ మన గూడెంల ఎంతమందికి వేలు గుచ్చింది?" శ్యామల అడిగింది.

"మస్తుమందికి. జ్వరమొచ్చినోళ్లందరికి."

"ఆ పెట్టెల గాజు పలకలు చూశినవా? వరసలు వరసలు! ఇంతమంది నెత్తురు తీస్కపోయి ఏం జేస్తరే?"

"పరీక్ష చేస్తరంట."

"పరీక్షకు గింతనా? బాటిళ్లల్ల నింపి పట్నంల అమ్ముకుంటరు గావచ్చు!"

చిన్నక్క కళ్లు పెద్దవి చేసింది. అట్లా కళ్లు పెద్దవి చేసేవాళ్లు దొరికితే శ్యామలకు ఇంకేం కావాలి! బాటిళ్లకు ఎర్రమూత కూడా పెట్టింది. పందిరి అవతల ముత్తక్క కట్టలు కడుతూనే ఓ చెవి ఇటు పడేసింది.

అంతే. కట్టలు కళ్లానికి పోయాయి. శ్యామల ఆ సంగతే మరిచిపోయింది.

నాలుగో రోజు సాయంత్రం సీతయ్య ఆటో కళ్లం దగ్గర ఆగింది. సీతయ్య అంటే గూడేనికి పేపరూ టీవీ రెండూ. కొత్తగా సెల్‌ఫోన్ కూడా కొన్నాడు, కాకపోతే గుట్టెక్కితే గానీ అది మోగదు.

"విన్నరా?" అన్నాడు సీతయ్య, ఆటో దిగకుండానే. "ఏన్కూరు సంతల అంత అదే ముచ్చట! గూడేలల్ల తీసే నెత్తురంత బాటిళ్లల్ల నింపి పట్నం పంపిస్తున్నరట. ఒకాయన కళ్లార చూశిండట. ఎర్రమూతల బాటిళ్లట!"

"అమ్మో!" అన్నారు ఆడవాళ్లు.

"నిప్పు లేంది పొగ వస్తదా?" అన్నాడు సీతయ్య తల ఊపుతూ.

శ్యామలకు ఒళ్లు పొంగిపోయింది. సంతలో అంతమంది అన్నాక అబద్ధమెట్లా అవుతుంది? చూసినవాడు కూడా ఉన్నాడాయె!

"నేను ముందుగాలనే చెప్పలే?" అంది చిన్నక్కను మోచేత్తో పొడుస్తూ.

మంగళవారం నర్సు నాగలక్ష్మి వచ్చేసరికి గూడెంలో మనిషన్నవాడు లేడు. తలుపులన్నీ వేసున్నాయి. జనమంతా అడవిలోకి జారుకున్నారు. పాపం నాగలక్ష్మి, ఎండలో నాలుగు కిలోమీటర్లు నడిచి వచ్చింది. ఒక్కతే నిలబడి చెమట తుడుచుకుంది. పిలిచి పిలిచి వెళ్లిపోయింది. పొద వెనక నుంచి చూస్తున్న శ్యామలకు నవ్వాగలేదు.

ఆ నవ్వు వారం కూడా నిలవలేదు.

శనివారం చిన్నక్క ఆకుకు రాలేదు. చలిజ్వరం. మే నెల ఎండలో రెండు బొంతలు కప్పినా పిల్ల పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. అమ్మానాన్నలు వైరా వైపు కూలికి పోయారు. ఇంట్లో ఉన్నది నాయనమ్మ పుల్లమ్మ ఒక్కతే. ఆకు పసరు పోసింది, దేవతకు మొక్కింది, తడిగుడ్డ వేసింది. జ్వరం పోయినట్టే పోయి మళ్లీ వచ్చింది.

సోమవారం శ్యామల చూడబోయింది. "చిన్నక్కా, నేనే" అంది.

చిన్నక్క దాని వైపు చూసింది. చూసి, "ఎవరు?" అంది.

శ్యామల రెండడుగులు వెనక్కి వేసింది.

అప్పుడే వాకిట్లో గొడవ. కబురు తెలిసి నాగలక్ష్మి పరుగున వచ్చింది. పుల్లమ్మ కర్ర అడ్డం పెట్టి గుమ్మంలో నిలబడింది.

"నా మనవరాలి నెత్తురు అమ్ముకుంటవా? కాలు లోపల పెడితే ఊరుకోను!"

"అవ్వా, రెండు చుక్కలే. ఏ జ్వరమో తెలిస్తేనే కదా సరైన మందు ఇచ్చేది? ఇది మెదడుకెక్కే జ్వరమైతే పిల్ల దక్కదు. రేపటి దాకా ఆగొద్దు!"

"ఏన్కూరు సంతంత కోడై కూస్తున్నది. నాకు చెప్పకు!" అంటూ పుల్లమ్మ తలుపు ధడేలున వేసింది.

పిల్ల దక్కదు. ఆ మాట శ్యామల చెవిలో గింగిరాలు తిరిగింది. ఇంటికి వచ్చి నీళ్లు తాగింది. అసలు ఆ బాటిళ్లు చూసినాయన ఎవరు? ఆయన్నే అడిగితే పోలా?

చెట్టు కింద ఆటో తుడుచుకుంటున్న సీతయ్య దగ్గరికి పరుగెత్తింది.

"మామా, ఆ బాటిళ్లు చూశినాయన పేరేంది?"

"పేరా? నాకేం తెలుసే! సంతల అనుకున్నరు."

"సంతల నీకెవరు చెప్పిండ్రు?"

సీతయ్య గుడ్డ ఆపి బుర్ర గోక్కున్నాడు. "సంతల నాకెవరు చెప్పలే. నేనే వాళ్లకు చెప్పిన. మన కళ్లం కాడ ఆటో ఎక్కిన ఆడోళ్లు మాట్లాడుకుంటుంటే విన్న. నేను టీ కొట్టు కాడ అన్న. ఇంటికొచ్చేటాళ్లకు సంతంత అదే ముచ్చట."

"మరి చూశినాయన?"

"ఎవరో చూశే ఉంటరు అనుకున్న. ఊకెనే అంటరా జనం?"

"ఆటో ఎక్కింది ఎవరు?"

"ఎవరో ఏంది? మీ అమ్మనే కదా!"

శ్యామల ఇంటికి ఒక్క ఉరుకు ఉరికింది. "అమ్మా! నెత్తురు ముచ్చట నీకెవరు చెప్పిండ్రు?"

ముత్తక్క దాన్ని వింతగా చూసింది. "ఎవరో ఎందుకు చెప్తరే? నువ్వే గదా చిన్నక్కతోని అన్నవు, పందిరి కింద! బడికి పోయే పిల్లవు, ఏదో తెలిసే అన్నవనుకున్న."

శ్యామల ఉన్నచోటే కూలబడింది. ఎర్రమూతలు! సీతయ్య మామ చెప్పిన రోజే ఎందుకు అనుమానం రాలేదు? అవి తను పెట్టిన మూతలే. తన నోటి నుంచి పోయిన మాట సంతంతా తిరిగి, పెద్దమనిషిలా వేషం మార్చుకొని వస్తే, తనే నమ్మింది. వందమంది అన్నారనుకున్నది, ఒక్కతే అన్నది. ఆ ఒక్కతీ తనే.

ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా. కానీ ఏడుస్తూ కూర్చుంటే చిన్నక్క లేచి కూర్చోదు గదా! ముక్కు తుడుచుకొని కళ్లానికి పరుగెత్తింది.

జనం కట్టలు అప్పగిస్తున్నారు. ఓ పక్క రాయి మీద నాగలక్ష్మి దిగులుగా కూర్చుంది. మనవరాలి దగ్గర పక్కింటామెను కూర్చోబెట్టి పుల్లమ్మ కూడా కట్టలు తెచ్చింది, కర్రతో సహా.

"అవ్వా! నెత్తురు అమ్ముకుంటరన్న మాట అబద్ధం!" శ్యామల అరిచింది. "నేను కల్పించిన. చిన్నక్కతోని ఊకె అన్న. అమ్మ విన్నది, ఆటోల చెప్పింది. సీతయ్య మామ విన్నడు, సంతల చెప్పిండు. బాటిళ్లు ఎవ్వరు చూడలే!"

జనమంతా ఇటు తిరిగారు. వెనకాలే వచ్చిన ముత్తక్క తల దించుకుంది. ఇక అందరూ నమ్మేస్తారనుకుంది శ్యామల. పిచ్చి పిల్ల! మాట పుట్టించినంత సులువా చంపడం?

"నర్సమ్మ బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చి చెప్పిస్తున్నది గావచ్చు" అంది వెనక నుంచి ఒకామె.

"అవ్! పిల్లకేం తెలుసు! నిప్పు లేంది పొగ వస్తదా?" అంది ఇంకొకామె.

"పొగ పెట్టిందే నేను!" శ్యామల కాళ్లు నేలకేసి కొట్టింది. "నిప్పు లేదు, ఏం లేదు! సిస్టర్, నా వేలు గుచ్చు. అందరు చూడుండ్రి, ఎంత నెత్తురు తీస్తదో!"

నాగలక్ష్మి లేచి గాజు పలక తీసింది. చురుక్కుమంది. శ్యామల కళ్లు మూసుకోలేదు. జనం దగ్గరికి వచ్చి తొంగిచూశారు.

"గింతేనా?" అంది ముత్తక్క. "బొట్టు పెట్టుకునేటంత గూడ లేదు!"

"నువ్వు నన్ను నమ్మొద్దు అవ్వా" అంది శ్యామల, పుల్లమ్మ చెయ్యి పట్టుకొని. "సిస్టర్‌ను గూడ నమ్మకు. చిన్నక్కను తీస్కొని నువ్వే దవాఖానకు రా. దాని నెత్తురు తీసిన పలక నీ చేతులనే పెట్టుకో. అక్కడ ఏం జేస్తరో నీ కళ్లతోని చూడు."

పుల్లమ్మ కర్ర పక్కన పెట్టింది. శ్యామల వేలి మీది ఎర్రచుక్కను చూసింది. నాగలక్ష్మి మొహం చూసింది.

"పలక ఎవ్వరికియ్య. నా చేతులనే ఉండాలె" అంది.

"ఉండనీ అవ్వా. పట్టుకొని కూర్చో" అంది నాగలక్ష్మి.

"ఎక్కుండ్రి, ఎక్కుండ్రి!" సీతయ్య అప్పటికే ఆటో స్టార్ట్ చేశాడు. "కిరాయి ముచ్చటే తియ్యకుండ్రి!"

ఆటోలో చిన్నక్క తల శ్యామల ఒడిలో ఉంది. ఒళ్లు పెనంలా కాలుతోంది. ఎక్కేముందు నాగలక్ష్మి చిన్నక్క వేలు గుచ్చి రెండు చుక్కలు గాజు పలక మీద తీసింది. పక్కన పుల్లమ్మ ఆ పలకను కోడిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతుల మధ్య పట్టుకుంది. గుంత వచ్చినప్పుడల్లా, "జల్దీ పో, కానీ మెల్లగ పో!" అని సీతయ్యను తిట్టింది. ఎట్లా పోవాలో పాపం సీతయ్యకు అర్థం కాలేదు.

దవాఖానలో చిన్నక్కను మంచం మీద పడుకోబెట్టారు. ల్యాబులో ఉన్నాయన చెయ్యి చాపితే పుల్లమ్మ పలక ఇవ్వలేదు. "ఎక్కడ పెట్టాలెనో చెప్పు, నేనే పెడత" అంది. ఆయన నవ్వి చోటు చూపించాడు. పలక మీద రంగునీళ్లు పోశాడు. కాసేపాగి కడిగాడు, ఆరబెట్టాడు. పుల్లమ్మ దాని మీద నుంచి రెప్ప తిప్పలేదు. ఆయన మైక్రోస్కోపులో చూసి, పక్కకు జరిగి, "చూడమ్మా" అన్నాడు.

పుల్లమ్మ ఓ కన్ను మూసి వంగింది.

"ఏందో చిన్నచిన్న ఉంగరాల లెక్క ఉన్నయి" అంది.

"అవే మలేరియా క్రిములు. మెదడుకెక్కే రకం. ఈ రోజే తెచ్చి మంచి పని చేశారు."

పుల్లమ్మ అక్కడే కింద కూర్చుండిపోయింది. "ఒక్క చుక్కల ఇంత కనబడుతదా! ఈ చుక్క ఇయ్యకనా నేను తలుపేసుకున్నది!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

శ్యామల కూడా చూసింది. తర్వాత దాని పలకలోనూ చూశారు. అందులో ఉంగరాలు లేవు.

ఆ పూటే మందు మొదలైంది. రెండో రోజుకు జ్వరం దిగింది. మూడో రోజు చిన్నక్క కళ్లు తెరిచి, "శ్యామలా, ఆకలైతుందే" అంది. ఆ మాటకు శ్యామల ఎగిరిన ఎగురుకు పక్క మంచంలో ముసలాయన దిగ్గున లేచి కూర్చున్నాడు.

మళ్లీ మంగళవారం నాగలక్ష్మి గూడేనికి వచ్చింది. ఈసారి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి! పుల్లమ్మ కర్ర పట్టుకొని వరస సరిచేస్తోంది. "జరుగు, జరుగు! నేను నా కళ్లతోని చూశిన. జ్వరమొచ్చినోళ్లు ముందుకు రాండ్రి!" ఇంకెవరైనా నోరు మెదిపితే ఒట్టు. ఆ రోజు నాగలక్ష్మి పెట్టెలో పలకలు సరిపోలేదు. ఆమె నవ్వుతూ, "శ్యామలా, పేర్లు రాస్తావా?" అంది. శ్యామల ఒక్క పేరూ తప్పు రాయకుండా రాసింది.

బడి తెరిచే ముందు రోజు రెడ్యా రొప్పుతూ వచ్చాడు. పక్క తండా పిల్లాడు, శ్యామల క్లాసే.

"తెల్వదా మీకు? వాగు మీద కొత్త బ్రిడ్జి నిలబడాలెనంటే పిల్లల్ని బలియ్యాలెనట! సంచులు పట్టుకొని తిరుగుతున్నరట! రేపు బడికి ఎవ్వరు పోవద్దు!"

పిల్లలంతా బిక్కచచ్చిపోయారు. అందరూ శ్యామల వైపు చూశారు. ఇట్లాంటి ముచ్చటకు ఉప్పూ కారం చల్లాలంటే దాని తర్వాతే ఎవరైనా! శ్యామల నోరు తెరిచింది. సంచుల రంగు నాలుక చివరి దాకా వచ్చింది. గుటుక్కున మింగేసింది.

"నువ్వు చూశినవా?" అని అడిగింది.

"లే. మా తమ్ముడు చెప్పిండు."

"వాడు చూశిండా?"

"ఏమో, అడగలే" అన్నాడు రెడ్యా.

"అయితే ఇంకెవ్వరికి చెప్పకు. అవ్వా! బ్రిడ్జి కాడికి పోదాం, వస్తవా? మేస్త్రీని అడుగుదాం, ఆ సంచులల్ల ఏముందో చూద్దాం!"

"పట్టు పట్టు, నా కర్ర పట్టు" అంటూ అరుగు మీద కూర్చున్న పుల్లమ్మ లేచి చెప్పులు వెతుక్కుంది.

"రెడ్యా, నువ్వు గూడ నడువు!" అంటూ శ్యామల వెనక్కి తిరిగి చూసేసరికి పక్కన చిన్నక్క లేదు. అది అప్పటికే వాగు దారి పట్టి, లంగా ఎగ్గట్టి, అందరికన్నా ముందు ఉరుకుతోంది.