ఒక్క ఫోన్ రాని బీటు

గోదావరిఖనిల మూతపడ్డ బొగ్గుబాయి వెనుక క్వార్టర్ల వరుస ఒకటుంది. జనం ఖాళీ చేసిపోయి ఏండ్లైంది. పొద్దుగూకితే ఆటోవాళ్లు సైతం బండి అటు మలపరు. బాయిల సచ్చినోళ్లు తిరుగుతరని... చీకట్ల దగ్గు వినవస్తదని... ఎవరికి తోచింది వాళ్లు చెప్తరు.

ఆ బీటు కానిస్టేబుల్ జాన్ ప్రసాద్‌ది. అతని తోటోళ్లు చెప్పంగ విన్న ముచ్చటే ఇది.

మొదటి రాత్రి జాన్ వెంట తోటి కానిస్టేబుల్ నర్సింగం ఉన్నడు. చివరి క్వార్టర్ ముంగట బండి ఆపిండ్రో లేదో—

టక్... టక్... టక్.

లోపలినుంచి! ఇద్దరు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. బండి మెయిన్ రోడ్డెక్కిందాంక వెనక్కి తిరగలే. స్టేషన్‌ల ఎవ్వరికీ చెప్పలే.

తెల్లారి సీఐ పృథ్వీరాజ్ కొత్త డ్యూటీ చార్టు వేసిండు. మనుషులు తక్కువ, బస్తీలు ఎక్కువ.

"ఆ క్వార్టర్ల నుంచి ఆరు నెలల్ల ఒక్క ఫోన్ రాలే. అక్కడ ఇద్దరెందుకు? జాన్, నువ్వొక్కనివి చాలు. నర్సింగం బస్టాండు దిక్కు."

జాన్‌కు మాట నోటిదాంక వచ్చింది. చెప్తే ఉరికొచ్చిన సంగతి బయటపడుతది. మింగేసిండు.

ఆ రాత్రి ఒంటిగంట... చివరి క్వార్టర్.

టక్... టక్.

వైర్‌లెస్ సెట్టుల కంట్రోల్ రూంను పిలిచిండు.

"పెట్రోలింగ్ బండి గోదావరి బ్రిడ్జి కాడ యాక్సిడెంట్ కేసుల ఉంది. ముప్పావు గంట పడుతది. అందాంక లోపలికి పోకు."

నిలబడ్డడు. దెబ్బకూ దెబ్బకూ నడుమ ఎడం పెరుగుతాంది. టక్... చానాసేపటికి... టక్.

తర్వాత ఆగిపోయింది.

కొట్టినప్పటికంటే ఆగినప్పుడే జాన్‌కు ఎక్కువ భయమైంది. దెయ్యానికి అలసట ఉంటదా?

ఉరుకుదామనుకున్న కాళ్లు అటే నడిచినయ్. భుజంతోని తలుపు నూకిండు. టార్చి వేసిండు—

దుమ్ముల ఒక చెయ్యి. చేతిల ఇటుక ముక్క.

కూలిన గోడ కింద నడుం దాంక ఇరుక్కపోయిన ముసలాయన. పేరు గట్టయ్య. ఆ ఇంట్లనే ఇరవై ఏండ్లు కాపురమున్న బాయి కార్మికుడు. ఆ క్వార్టర్లు పడగొడుతరని తెలిసి, ఒక్కసారి చూసుకుందామని మొన్న పొద్దుగూకంగ వచ్చిండు. మంచిర్యాలల బిడ్డ ఇంటికి పోతున్నని చెప్పి బయలెల్లిండు గనుక ఎవ్వరు ఎతకలే.

జాన్ నీళ్లు పట్టిండు. "అరవకపోతివేంది కాకా?"

"దుమ్ముల అరిస్తే ఊపిరి పోతది బిడ్డా. బాయిల కప్పు కూలితే గిట్లనే కొడుతుంటిమి... ఎవలో ఒకలు వింటరని."

ముసలాయన అతని మణికట్టు పట్టుకున్నడు.

"నిన్న రాత్రి ఇద్దరొచ్చిండ్రు," గుసగుసగా అన్నడు. "కిటికీల లైటు పడ్డది, ఇద్దరి గొంతులు వినవడ్డయ్. నా సప్పుడు విన్నరు... విని పోయిండ్రు. నువ్వొక్కనివే ఎట్లొచ్చినవ్? భయం గాలేదా?"

దూరంగా సైరన్ వినవడ్డది.

"ఆ ఇద్దర్ల ఒకన్ని నేనే కాకా."

గట్టయ్య అతని దిక్కు చూసిండు. పట్టుకున్న చెయ్యి మాత్రం ఇడవలే.